పచ్చయమ్మ కూతురు, పన్నెండు సగాలు

శోభనకు కావలసింది ఒక్కటే. తిలక్ తన నోటితో, తళి ఊరి పక్కన ఉన్న ఆ నారుతోటలో, ఆ ఎనిమిది మంది ఆడకూలీల ముందే, తప్పు తనదని చెప్పాలి. పోయిన ఉద్యోగం మళ్ళీ ఇమ్మని ఆమె ఎవర్నీ అడగలేదు. ఇచ్చినా వెళ్ళేది కాదు. ఆ ఎనిమిది మందిలో ఆమె తల్లి పచ్చయమ్మ ఒకతె. కూతురు చెయ్యని తప్పుకు ఆ తల్లి చేతులు జోడించి క్షమాపణ అడిగింది. శోభనకు ఆ క్షమాపణ వెనక్కి కావాలి. ఎరవిచ్చిన గిన్నెనో చీరనో అయితే గడప ముందు నిలబడి అడిగి తెచ్చుకోవచ్చు. చెప్పేసిన మాటను వెనక్కి తెచ్చుకోవడం ఎలాగో ఆమెకు తెలియదు. తెలియకపోతే పోయింది, తెచ్చి తీరతానని మాత్రం మొండిపట్టు పట్టింది.

ఆ పట్టు ఎక్కడిదో తెలియాలంటే వెనక సంగతి కొంచెం చెప్పాలి. పచ్చయమ్మది కూలి బతుకు. భర్త మారియప్ప బర్గూరు గ్రానైటు క్వారీలో పనిచేస్తాడు, పదిహేను రోజులకోసారి ఇంటికొస్తాడు. కూతుర్ని ఆ బర్గూరులోనే ఇంజనీరింగు కాలేజీలో వేసి ఎలక్ట్రానిక్స్ చదివించారు. చదువయ్యాక హోసూరులో తోటలకు కంట్రోలర్లు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో, ప్రోగ్రాములు రాసే ఉద్యోగానికి శోభన దరఖాస్తు పెట్టింది. ఆ విభాగానికి పెద్ద తిలక్. ఇంటర్వ్యూలో ఆమె రాసిన ప్రోగ్రాము పక్కన పెట్టి, ఏ ఊరని అడిగాడు, తల్లి ఎక్కడ పనిచేస్తుందని అడిగాడు. విని నవ్వాడు. పచ్చయమ్మ పనిచేసేది అతని మేనమామ దొడ్డప్ప నారుతోటలోనే మరి. "నీకు తోటలు తెలుసు, ఊళ్ళు తెలుసు. ఫీల్డ్ సర్వీసుకి పో, బాగుంటావు" అన్నాడు. కుర్చీ అడిగిన పిల్ల చేతిలో స్క్రూడ్రైవరు పెట్టి పంపాడు మహానుభావుడు.

శోభన నొచ్చుకుంది గాని నోరు మూసుకుని చేరింది. నాలుగేళ్ళు స్కూటీ వెనక పనిముట్ల సంచి కట్టుకుని తోట తోటా తిరిగింది. ఆమెకొక అలవాటు ఉండేది. తను బిగించిన ప్రతి స్క్రూ మీదా ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క ఒకటి పెట్టేది. ఆ స్క్రూ తర్వాత వెంట్రుకవాసి కదిలినా చుక్క పగులుతుంది. ఎవరూ నేర్పలేదు, తనే పెట్టుకున్న పద్ధతి.

ఆమె బిగించే డబ్బా చూడ్డానికి కరెంటు మీటరంత ఉంటుంది. లోపల చిన్న కంప్యూటరు, దాన్ని నడిపేది లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్. అందులో కెర్నెల్ అనే భాగానిదే అసలు పెత్తనం. ఏ తీగలో కరెంటుందో చూసేదీ, ఏ ఫ్యాను ఎప్పుడు తిరగాలో చివరి మాట చెప్పేదీ అదే. పోయిన ఏప్రిల్లో కంపెనీ ఆ కెర్నెల్‌ను పాత వెర్షన్ నుంచి కొత్త వెర్షన్‌కు మార్చింది. కొత్తది మొదట ఎక్కింది దొడ్డప్ప తోటలోనే, ఎక్కించింది శోభనే. కొత్త డబ్బా పెట్టి, వైర్లు బిగించి, చుక్కలు పెట్టి, వేడి బయటికి లాగే నాలుగు పెద్ద ఫ్యాన్లూ తిప్పి చూపించి వచ్చింది.

పది రోజులు బాగానే నడిచింది. పదకొండో రోజు ఆదివారం, కూలీలు లేరు. మధ్యాహ్నం ఎప్పుడో ఫ్యాన్లు ఆగిపోయాయి. దొడ్డప్ప భార్య మంజులమ్మ ఇంట్లో కూర్చుని రెండుసార్లు ఫోన్లో చూసుకుంది. ఫ్యాన్లు తిరుగుతున్నాయనే డబ్బా చూపించింది. సాయంత్రం నారు పెంచే ప్లాస్టిక్ కప్పు షెడ్డు, ఆ పాలీహౌస్ తలుపు తీస్తే లోపల పొయ్యి మీద పెట్టినట్టుంది. క్యాబేజీ, టమాటా, క్యాప్సికం, ఆ వారంలో రైతులు పట్టుకుపోవలసిన మూడు లక్షల నారు ట్రేలలోనే తల వాల్చేసింది.

సోమవారం పొద్దున్నే తిలక్ కారేసుకుని వచ్చాడు. శోభననూ పిలిపించారు. కూలీలు ఎండిన నారు పీకి గంపలకెత్తుతున్నారు. తిలక్ డబ్బా ముందు నిలబడి మేనమామకు పాఠం చెప్పినట్టు చెప్పాడు.

"ఫ్యాన్లు వేసినానని డబ్బా చెప్తా ఉండాది మామా. కరెంటు పోలేదని మన ఆఫీసు కంప్లైంటు కాగితంలోనే రాసుండాది. డబ్బా బాగుంది, కరెంటు బాగుంది, ఫ్యాన్లూ బాగుండాయి. ఇంక నడమ ఉండేది వైరే కదా."

అని ఒక వైరు పట్టి గట్టిగా గుంజాడు. అంత గట్టిగా గుంజితే గోడకు కొట్టిన మేకైనా ఊడొస్తుంది. వైరు చేతిలోకి వచ్చింది. "చూసినారా, లూజు" అన్నాడు.

"చుక్క పగల్లేదు సార్" అంది శోభన. "స్క్రూ కదల్లేదు. మీరు గుంజినారు కాబట్టి వచ్చింది."

"గోళ్ళరంగు చూపించి నాకు ఎలక్ట్రికల్ నేర్పిస్తావా?"

కూలీలలో ఇద్దరు కిసుక్కుమన్నారు. శోభన మళ్ళీ నోరు తెరిచేలోపే పచ్చయమ్మ గంప కింద పెట్టి గబగబా వచ్చింది. చేతులు జోడించి నడుం వంచింది. "తప్పయిపోయింది సామీ. పిల్ల తెలిసీ తెలీక చేసింది. మీరు పెద్దోళ్ళు, మన్నించాల" అంది. శోభన "అమ్మా, సుమ్మనుండు" అని చెయ్యి పట్టుకు లాగింది. పచ్చయమ్మ వంచిన నడుం ఎత్తలేదు. తన పని పోతుందని ఆమె భయం. దొడ్డప్ప పక్కకు చూస్తూ నిలబడ్డాడు. తిలక్ మాత్రం పెద్దమనసు చేసుకున్నట్టు మొహం పెట్టి, "ఆడపిల్లకి స్క్రూడ్రైవరిచ్చి పంపింది మా తప్పులే" అన్నాడు. ఆ సాయంత్రమే శోభనను ఉద్యోగంలోంచి తీసేశారు.

తల కొట్టేసినట్టయింది ఆమెకు. హోసూరులో ఏ కంపెనీ గడప తొక్కినా "నారుతోట కాల్చింది నువ్వేనా" అన్న చూపే. ఆఖరికి కృష్ణగిరిలో మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో మెషిన్లు చూసే పని దొరికింది. మధ్యాహ్నం షిఫ్టు. రోజూ పదకొండుకు బస్సెక్కేది. కిటికీ పక్క సీటు దొరికితే చాలు, దారి పొడుగునా తిలక్‌ను మనసులో నిలబెట్టి కడిగేది. అతను ఏ మాట దగ్గర తడబడాలి, ఎప్పుడు నేల చూపులు చూడాలి, అన్నీ ఏర్పాటు చేసుకునేది. కొన్నాళ్ళకు ఆ ఊహ కూడా చప్పబడింది, ఎందుకంటే ఊహలో తిలక్‌కు చూపించడానికి ఆమె చేతిలో ఏమీ లేదు. వైరు కాదని ఆమెకు తెలుసు. వైరు కాకపోతే కెర్నెలే. కొత్తది ఎక్కాకే చెడింది, పాతది రెండేళ్ళు బాగా నడిచింది. ఆ రెంటికీ మధ్య ఎవరో ఏదో మార్చి చెడగొట్టారు. ఆ ఎవరో తిలక్ కావాలని ఆమె ఎంత కోరుకుందో చెబితే బాగుండదు.

ఇంట్లో తల్లి ఈ ఊసెత్తనిచ్చేది కాదు. "పెద్దోళ్ళతో మనకెందుకమ్మీ" అనేది. "ఒక మాట అన్నాను, నా పని నిలబడింది. నోరేమన్నా నొచ్చిందా నాకు?"

"నాకు నొచ్చింది" అనేది శోభన.

దారి దొరికింది డబ్బాతో పాటు వచ్చే పుస్తకం ఆఖరి పేజీలో. లినక్స్ వాడే కంపెనీలన్నీ ఒప్పుకోవలసిన షరతు ఒకటి అక్కడ చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. ఈ డబ్బా కొన్నవారు రాతపూర్వకంగా అడిగితే కెర్నెల్ సోర్సు కోడు, అంటే దాని అసలు రాత, ఇస్తాం అని. శోభన ఆ పేజీ పట్టుకుని మంజులమ్మ దగ్గరికి పోయింది. దొడ్డప్ప దగ్గరికి కాదు. డబ్బా కొన్నది మంజులమ్మ పేరు మీద, నారుతోట నడిపేదీ ఆమే. తిట్టి పంపుతుందేమో అనుకుంటూనే వెళ్ళింది.

మంజులమ్మ అంతా విని, కళ్ళజోడు తెచ్చుకుంది. "వాడు మా ఆడబిడ్డ కొడుకు కదమ్మీ. వాడు పుట్టినప్పటినించీ వాళ్ళమ్మ నా నెత్తినెక్కి వాడి గొప్పలే చెప్తా ఉండాది. చచ్చింది నా నారు. సంతకం యాడ పెట్టాలో చూపించు" అంది. వైరు తప్పని కంపెనీ వెనక్కి తీసుకోకుండా వదిలేస్తే, ఫ్యాన్లను నేరుగా స్విచ్చుకు కలుపుకుని ఆ డబ్బాను ఎరువుల గదిలో పడేసి ఉన్నారు, అదీ ఇచ్చి పంపింది.

తిలక్ ఆ కాగితం చూసి, "సోర్సు కోడుతో ఏం చేస్తావత్తా, ఊరగాయ పెడతావా?" అన్నాడట. చివరి రూపం ఒక్కటీ ఇస్తే షరతు తీరిపోయేది. దాన్ని వేరుచేసే ఓపిక కూడా లేక, ఫోల్డరు మొత్తం అలాగే పెన్‌డ్రైవులో పోసి ఇచ్చాడు. అందులో చరిత్రంతా ఉంది. ఏ మార్పు, ఎవరు, ఏ తేదీన, ఎందుకు చేశారో వరసగా. మనవాళ్ళలో దీన్ని చదివేవాళ్ళెవరున్నారులే అనే పొగరు అది. శోభన ఆ ఫోల్డరు తెరిచి చూసి, చాలా రోజుల తర్వాత ఇంట్లో గట్టిగా నవ్వింది.

పాత వెర్షన్‌కూ కొత్తదానికీ మధ్య మూడువేల ఎనిమిది వందల పన్నెండు మార్పులున్నాయి. ఒక్కొక్కటీ చదువుతూ కూర్చుంటే ముసలిదైపోతుంది. దానికొక పద్ధతుంది. మొదటిది మంచిది, చివరిది చెడ్డది అని తెలుసు కాబట్టి, సరిగ్గా నడిమధ్య మార్పు దగ్గర ఆగి, అంతవరకూ ఉన్న కెర్నెల్ తయారుచేసి డబ్బాలో ఎక్కించి చూడాలి. అది బాగుంటే తప్పు తర్వాతి సగంలో ఉన్నట్టు, బాగాలేకపోతే ముందు సగంలో ఉన్నట్టు. ఇక ఆ సగంలో మళ్ళీ నడిమధ్యకు పోవాలి. ఇలా పన్నెండుసార్లు సగం చేస్తే ఒక్క మార్పు మిగులుతుంది. దాని మీద దాన్ని చేసినవాడి పేరుంటుంది.

శోభన పాత ల్యాప్‌టాప్ ఒక కెర్నెల్ తయారుచెయ్యడానికి గంటన్నర తీసుకునేది. పొద్దున్నే లేచి దాన్ని మొదలుపెట్టి, వంట చేసుకుని, అది తయారయ్యాక డబ్బాలో ఎక్కించేది. డబ్బాకు ఒక టేబుల్ ఫ్యాను తగిలించింది. ప్లగ్గు పీకి, పది లెక్కపెట్టి, మళ్ళీ పెట్టేది. ఫ్యాను తిరిగితే మంచిది అని రాసి బస్సుకు పోయేది. రోజుకొక సగం. మొదటి రోజు మంచిది. రెండో రోజు మంచిది. ఐదో రోజు, ఎనిమిదో రోజు, అన్నీ మంచివే. పన్నెండో రోజు ఆఖరికి మిగిలిన మార్పు ఏమిటయ్యా అంటే, వెర్షన్ నంబరు మార్చిన ఒక్క లైను. ఆ నంబరు ఫ్యాన్లను ఆపదు. చంటిపిల్లకైనా తెలుస్తుంది.

ఒళ్ళు మండిపోయింది శోభనకు. ఆ మంట చల్లారాక అసలు సంగతి తట్టింది, అది ఇంకా ఎక్కువ మండించింది. చివరి వెర్షన్ చెడ్డదని రాసుకుందే గాని, దాన్ని తన బల్ల మీద ఒక్కసారైనా చెడేలా చేసి చూడలేదు. తోటలో చెడింది కాబట్టి చెడ్డదే అనుకుంది. వైరు పట్టి గుంజి తీర్పు చెప్పినవాడికీ తనకూ తేడా ఏమిటని తనను తనే తిట్టుకుంది. తిలక్ చేసిన పనే తనూ చేసిందన్న మాట ఆమెకు రెండు రోజులు అన్నం సహించనివ్వలేదు.

మూడో రోజు ఫ్యాక్టరీకి సెలవు చెప్పి మళ్ళీ మంజులమ్మ దగ్గరికి పోయింది. ఆ ఆదివారం పొద్దున్నించి సాయంత్రం దాకా ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పమంది.

"ఏముండాది, అన్నం తిని టీవీ ముందర కూచున్నాను. ఆ కంపెనీ పాపకి ఫోన్లో చెప్పినాను గదా అన్నీ."

"కరెంటు పోయిందా అని అడిగిందా?"

"అరవంలో అడిగింది. పోలేదని చెప్పినాను. పోలేదమ్మా, రెప్పరెప్ప కొట్టింది అంతే. లైను చివర ఊరు కదా మాది, మధ్యాన్నం పూట అప్పుడప్పుడు కొడతా ఉంటుంది."

శోభన కూర్చున్నది లేచి నిలబడింది. ఆ మాట ఆమె పుట్టినప్పటినుంచీ వింటున్నదే. లైటు ఒక్కసారి ఆరి వెలిగితే కరెంటు రెప్ప కొట్టింది అంటారు ఈ ఊళ్ళలో. వెంటవెంటనే ఆరి వెలిగి, ఆరి వెలిగితే రెప్పరెప్ప కొట్టింది అంటారు. కంపెనీలో ఫోనెత్తే ఆ చెన్నై పిల్లకు "పోలేదు" అన్న ముక్క అర్థమై, మిగతాది అర్థం కాలేదు. కరెంటు బాగుందని రాసేసింది. ఆ ఒక్క గీత పట్టుకునే తిలక్ శోభన ఉద్యోగం తీసేశాడు.

హోసూరు బజారులో ఒక కాలింగ్ బెల్ స్విచ్చూ, చిన్న రిలే ఒకటీ కొనుక్కుని ఇంటికొచ్చింది. స్విచ్చు నొక్కినప్పుడల్లా డబ్బాకు వచ్చే కరెంటు ఆ క్షణం తెగేలా కట్టింది. కొత్త కెర్నెల్ ఎక్కించి, ఒక్కసారి నొక్కింది. ఫ్యాను ఆగి, మూడు సెకండ్లకు మళ్ళీ తిరిగింది. ఈసారి వేలితో వెంటవెంటనే రెండుసార్లు నొక్కింది. ఫ్యాను ఆగింది. పది సెకండ్లు, నిమిషం, ఐదు నిమిషాలు. తిరగలేదు. ఫోన్లో చూస్తే, ఫ్యాను తిరుగుతోంది అని ఉంది. శోభన ఆగిపోయిన ఆ ఫ్యాను ముందు కూర్చుని, "దొరికినావురా నాయనా" అంది. పాత కెర్నెల్ ఎక్కించి అలాగే రెండుసార్లు నొక్కితే ఫ్యాను ఎంచక్కా తిరిగింది. ఇప్పుడు మంచిదేదో చెడ్డదేదో ఆమె కళ్ళారా చూసింది.

మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. రోజుకొక సగం, ప్రతిసారీ ఇరవైసార్లు రెప్పరెప్ప. చెడ్డది. మంచిది. మంచిది. చెడ్డది. మూడువేల ఎనిమిది వందలు పంతొమ్మిది వందలయ్యాయి, తొమ్మిది వందల యాభై అయ్యాయి, వారానికి ముప్పై అయ్యాయి. ఆ ముప్పైలో సగం పైగా ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్ళో చేసిన మార్పులు. వాళ్ళలో ఎవరిదో అయితే తన గతేమిటని ఆమె భయం. ముక్కూ మొహం తెలియని దొరను తళికి రప్పించి క్షమాపణ చెప్పించలేదు కదా. దేవుడికి దండం పెట్టుకుంది కూడా. తిలక్ పేరు రానివ్వు స్వామీ అని మొక్కుకున్న మనిషి లోకంలో ఆమె ఒక్కతే అయి ఉండాలి.

పన్నెండో పొద్దున వచ్చింది. మొదటి చెడ్డ మార్పు ఇదీ అని తెర మీద పడింది. చేసినది, తిలక్. శోభన లేచి గదిలో అటూ ఇటూ నడిచింది. కడుపు నిండిపోయింది. ఆ తర్వాతే కిందిదాకా చదివింది. కరెంటు తెగి వచ్చినప్పుడు మూడు సెకండ్లు ఆగి ఫ్యాన్లు వేసే మార్పు అది. ఆ మూడు సెకండ్లలోపు కరెంటు రెండోసారి తెగితే లెక్క ఆగిపోతుంది, మళ్ళీ మొదలుపెట్టే లైను రాయడం మరిచాడు. ఫోనుకు మాత్రం ఫ్యాన్లు వేశానని ముందే చెప్పేస్తుంది. అన్నిటికన్నా కింద ఇంకో లైనుంది.

కోరినది: శోభన, ఫీల్డ్ సర్వీస్.

నిజమే. ఏడాది కిందట తనే రాసి పంపింది. కరెంటు రెప్ప కొట్టినప్పుడల్లా ఫ్యాన్లకు కరెంటు కలిపే కాంటాక్టరు స్విచ్చు టకటకలాడి కాలిపోతోంది, కాస్త ఆగి వేసేలా చెయ్యండి సార్ అని. అసలు ఆ మార్పు పుట్టిందే తన మాట మీద. పన్నెండూ పన్నెండూ ఇరవై నాలుగు పొద్దులు తవ్వి, ఆఖరికి తన పేరే తవ్వి తీసింది.

కృష్ణగిరి బస్టాండు దగ్గర ప్రింటు తీయించేటప్పుడు కొట్టువాడితో "కింది లైను రాకుండా తియ్యి" అనబోయింది. నోటిదాకా వచ్చింది. కాని రేపు తిలకే ఆ లైను తీసి అందరి ముందూ చూపించి నవ్వితే చేసిందంతా గంగలో కలుస్తుంది. పైగా, తను అడిగింది సరైనదే. తప్పుగా చేసింది వాడు. ఆ రెండూ ఒకటేనని ఎవరైనా అంటే చూద్దామనుకుంది. "మొత్తం తియ్యన్నా" అంది.

మంజులమ్మ ఆడబిడ్డ కొడుక్కు ఫోన్ చేసి, "డబ్బా మళ్ళా సతాయిస్తా ఉంది, ఒకసారి రాప్పా" అని పిలిచింది. ఆ పిలవడంలో ఆమె గొంతు ఎంత తియ్యగా ఉందో శోభన పక్కనే ఉండి విన్నది. బుధవారం పొద్దున పదిగంటలకు తిలక్ వచ్చాడు. కొత్త విత్తనాలు మొలకెత్తి ట్రేలన్నీ పచ్చగా ఉన్నాయి. ఎనిమిది మంది ఆడవాళ్ళూ కొబ్బరిపొట్టు తడిపి ఖాళీ ట్రేలకు నింపుతున్నారు. పచ్చయమ్మ కూతుర్ని చూసి తల దించుకుంది. శోభన ఎరువుల గదిలోంచి తీసుకుపోయిన ఆ డబ్బానే తెచ్చి, మళ్ళీ గోడకు బిగించి, ఫ్యాన్లకూ తన బెల్ స్విచ్చుకూ తగిలించి ఉంచింది. దొడ్డప్ప చేతులు వెనక కట్టుకుని నిలబడ్డాడు.

"ఈమె యాల వచ్చింది ఈడికి?" అన్నాడు తిలక్.

"నేనే రమ్మన్నాను, నువ్వు చూడు" అంది మంజులమ్మ.

శోభన బెల్ స్విచ్చు రెండుసార్లు నొక్కింది. నాలుగు ఫ్యాన్లూ నిదానించి ఆగాయి. మంజులమ్మ చేతిలోని ఫోను తీసి దొడ్డప్పకు చూపించింది. తిరుగుతున్నాయి అని ఉంది అందులో. దొడ్డప్ప ఫోనూ ఫ్యాన్లూ మార్చి మార్చి చూశాడు. శోభన ఆ ఒక్క మార్పు తీసేసి తయారుచేసిన కెర్నెల్ ఎక్కించింది, అందుకు పట్టిన పది నిమిషాలూ ఎవరూ కదల్లేదు. మళ్ళీ రెండుసార్లు నొక్కింది. ఫ్యాన్లు ఒక్క క్షణం నిదానించి, మళ్ళీ హోరున తిరిగాయి. వైర్లు అవే, డబ్బా అదే. అప్పుడు కాగితం తీసి తిలక్ చేతిలో పెట్టింది.

"చదవండి సార్, గట్టిగా. అందరికీ వినపడాల."

తిలక్ తన పేరు చూసి మొహం మాడ్చుకున్నాడు. కిందికి చదువుతూ పోయి, చివరి లైను దగ్గర ఒక్కసారిగా ప్రాణం లేచి వచ్చినట్టయ్యాడు.

"ఇది నువ్వడిగిందే గదా? చూడు మామా, ఈమె పేరే ఉండాది. ఈమె అడిగితేనే నేను చేసినాను."

ఆడవాళ్ళందరూ శోభన వైపు తిరిగారు. పచ్చయమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అవును, నేనే అడిగినాను" అంది శోభన. "కాంటాక్టరు కాలిపోతా ఉండాది, మూడు సెకండ్లు ఆగి వెయ్యమన్నాను. ఆగమంటే చచ్చేదాకా ఆగమని అర్థమా సార్? అడిగినోళ్ళ పేరు బాగా రాసినారు. నారు చచ్చిన రోజు చేసినోళ్ళ పేరు యాల చెప్పలేదు? కరెంటు రెప్పరెప్ప కొట్టిందని ఈయమ్మ చెప్తే కరెంటు బాగుందని రాసుకున్నారు. ఈడికి వచ్చి ఆ మాట మళ్ళా ఒకసారి అడిగినారా? వైరు గుంజినారు, పోయినారు."

మంజులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వు ఆపుకోవడానికి. దొడ్డప్ప గొంతు సవరించుకుని, "సరేలే, అయిందేదో అయింది. మన పిల్లోడే గదా. అందరూ పని చూసుకోండి" అన్నాడు.

"మాయమ్మ చేతులు జోడించినప్పుడు అయిందేదో అయిందని మీరు అనలేదయ్యా" అంది శోభన.

తిలక్ "సారీ" అన్నాడు, పళ్ళ మధ్య నుంచి.

"నాకొద్దు. మాయమ్మ ఆడ నిలబడుండాది. పోయి చెప్పండి."

తిలక్ మేనమామ వైపు చూశాడు. అక్కడినుంచి సాయం రాలేదు. ట్రేల మధ్య నుంచి నడిచి పచ్చయమ్మ ముందు ఆగి, నేలకేసి చూస్తూ గొణిగాడు. "తప్పు నాది. మీ అమ్మాయిది కాదు."

శోభన ఇన్ని నెలలూ బస్సులో కూర్చుని ఊహించుకున్న క్షణం అదే. కాని ఇప్పుడు ఆమె చూపు తిలక్ మీద లేదు, తల్లి మీద ఉంది. పరవాలేదు సామీ అంటుంది. బతుకంతా అన్నట్టే అంటుంది, మళ్ళీ నడుం వంచుతుంది, అప్పుడు తెచ్చిందంతా ఇక్కడే పారబోసినట్టవుతుంది. అదే శోభన భయం.

పచ్చయమ్మ చేతికంటిన కొబ్బరిపొట్టు మెల్లగా దులుపుకుంది. కొంగుతో చేతులు తుడుచుకుంది. తిలక్‌ను కాదు, కూతుర్ని చూస్తూ మాట్లాడింది.

"నాకు వినపళ్ళేదు. ఆ ఫ్యాన్లు ఆపమ్మీ. ఇంకోసారి చెప్పమను."

శోభన ఒక్క అంగలో వెళ్ళి మెయిను స్విచ్చు దించింది. అంత పెద్ద ఫ్యాన్లు వెంటనే ఆగవు. ఒక్కొక్కటీ నిదానించి ఆగేదాకా తిలక్ అక్కడే, అలాగే నిలబడాల్సి వచ్చింది. ఆడవాళ్ళు ట్రేలు వదిలేసి దగ్గరికి జరిగారు. నాలుగోది కూడా ఆగాక పచ్చయమ్మ నడుం నిలబెట్టుకుని, "ఇప్పుడు చెప్పప్పా" అంది.

తిలక్ మళ్ళీ చెప్పాడు. ఈసారి తోట బయట పక్క చేలో నీళ్ళు పడుతున్న ముసలామెకు కూడా వినిపించింది.